ఇంకుడుమొహం

ఆ వేసవి సెలవుల్లో మా ఇంట్లో అందరం ఒకరినొకరు కనిపెట్టుకునే ఉన్నాం. నాయనమ్మ అమ్మను కనిపెట్టేది. అమ్మ నన్ను కనిపెట్టేది. నేను ఇద్దరినీ. నాన్న మాత్రం మనుషుల జోలికి పోకుండా వైర్లను అనుమానించేవాడు. అది ఆయన వృత్తి.

నాన్న కేబుల్ ఆపరేటరు. మా ముందుగది పేరుకే మాది. గోడ పొడవునా ఇనప రాక్, అందులో ఒకదాని నెత్తిన ఒకటి రిసీవర్లు, ఒక్కో పెట్టెకు ఒక్కో ఎర్రదీపం, వెనకాల పేగుల్లా వేలాడే నల్లవైర్లు. పెట్టెలు వేడెక్కకుండా రెండు ఫ్యాన్లు రాత్రీపగలూ తిరిగేవి. మనుషులకు మాత్రం హాల్లో ఒకటే ఫ్యాను, అదీ మూలుగుతూ. "ఆ పెట్టెల కడుపున పుట్టినా సుఖపడేదాన్ని" అనేది నాయనమ్మ, విసనకర్ర ఊపుకుంటూ. డాబా మీద మూడు డిష్ గొడుగులు ఆకాశం కేసి నోళ్లు తెరుచుకుని ఉండేవి. వాటి అంచున కాకి వాలినా నాన్నకు కింద కూర్చుని తెలిసిపోయేది.

ఆ గొడుగుల్లో ఒకదాంట్లోకి, సెలవులిచ్చిన మర్నాడే, జపాన్ బొమ్మలు దిగాయి.

సాయంత్రం ఐదున్నరకు వచ్చేవి. కథ చెప్పాలంటే చిన్నదే. ఒక నీలంజుట్టు పిల్లాడు ఇనప తాబేలు మీదెక్కి ద్వీపాలన్నీ తిరుగుతుంటాడు. లోకంలోని గాలులన్నిటినీ ఒక సేనాపతి సీసాల్లో బిగించి దాచేశాడు. పిల్లాడు వాటిని విడిపించాలి. అందరి కళ్లూ సోడా మూతలంత ఉండేవి. పిల్లాడు పరిగెడితే వాడి కాళ్లకంటే వెనకాల ఆకాశమే ఎక్కువ పరిగెత్తేది. దెబ్బ కొట్టడానికి చెయ్యెత్తాడంటే, ఆ చెయ్యి దిగేసరికి మర్నాటి సాయంత్రం అయ్యేది. మధ్యలో రాత్రంతా ఆ ఎత్తిన చెయ్యి మా మనసుల్లో అలా ఆగి ఉండేది. ఇప్పుడు ఏ బొమ్మ కావాలంటే ఆ బొమ్మ ఫోన్లో వరసగా చూసెయ్యొచ్చు. ఎత్తిన చెయ్యి క్షణంలో దిగిపోతుంది. అందులో నాకేదో మోసం జరిగినట్టే ఉంటుంది.

మొదట్లో వచ్చే పాటను మాత్రం జపాన్ భాషలోనే ఉంచేశారు. ఎవరికి వినపడ్డట్టు వాళ్లం పాడేవాళ్లం. పక్కింటి నర్సుగారి పిల్లలు "కిమ్మనకోయ్" అనేవాళ్లు, మేం "కమ్మని కోయ్" అనేవాళ్లం. ఏది సరైనదో తేల్చుకునే క్రమంలో ఒకసారి చొక్కాలు చిరిగాయి.

పెద్దవాళ్లకు ఈ బొమ్మల మీద మొదటి నుంచీ అనుమానమే. ఎదురింటి లెక్కల మాస్టారు, రిటైరైన మనిషి, నాన్నను వీధిలోనే పట్టుకున్నారు.

"ఏవయ్యా కేబులూ, ఎవడి జుట్టన్నా నీలంగా ఉంటుందా?"

"కథ కదండీ మాస్టారూ."

"అదే అంటున్నా. ఏం కలపాలన్నా కథలోనే కలుపుతారు. పిల్లలకు తెలీకుండా లోపలికి పోతుంది. ఇందులో ఏదో ఉంది."

ఆ ఏదో ఏమిటో పట్టుకోవడానికి ఆయన రోజూ ఐదు ఇరవై ఐదుకే మా హాల్లోకి వచ్చి, ఫ్యాను కింది కుర్చీలో కూర్చునేవారు. పరిశీలన, అనేవారు. తాబేలు మునిగిపోయిన రోజు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అదీ పరిశీలనే కాబోలు.

*

నాయనమ్మ అనుమానం వేరు. అది అమ్మ కుట్టుపని క్లాసు మీద.

సెలవులకు మూడు వారాల ముందు నుంచే అమ్మ ఆ క్లాసుకు వెళ్తోంది. పదకొండు గంటల బస్సెక్కి వెళ్లి, నాలుగున్నరకల్లా దిగేది. చేతిలో గుడ్డసంచి. అందులో రెండు మీటర్ల పువ్వుల బట్ట, ఒక కత్తెర, ఒక కొలత టేపు. నెలన్నర తిరిగేసరికి కూడా ఆ రెండు మీటర్లూ రెండు మీటర్లుగానే ఉన్నాయి.

"నెలన్నరగా నేర్చుకుంటోంది," అంది నాయనమ్మ నాతో, అమ్మ స్నానానికి వెళ్లిన సమయం చూసి. "మీ నాన్న చొక్కాకి గుండీ ఊడితే ఎవరు కుట్టారు?"

"నువ్వే."

"సూదిలో దారం ఎవరు ఎక్కించారు?"

"నేను."

"మరి క్లాసుకు వెళ్లేదెవరు?"

నాకప్పుడు పన్నెండేళ్లు. ఇలాంటి విచారణలో నన్ను చేర్చుకోవడమే నాకు పెద్ద గౌరవంగా ఉండేది. నాయనమ్మ నా తలలోంచి ఒక వెంట్రుక లాగి, బట్ట మూడో మడతలో అడ్డంగా పెట్టింది. మూడు రోజులు పోయాక చూశాం.

"ఉందా?"

"ఉంది."

"పెట్టినచోటే?"

"పెట్టినచోటే, నాయనమ్మా."

కోర్టులో కేసు గెలిచినంత వెలుగొచ్చింది ఆమె మొహంలోకి. "మరి అంతంతసేపు అక్కడ ఏం కుడుతున్నట్టు? పైగా గొంతొకటి. కుట్టుపనికి గొంతెందుకు బొంగురుపోతుందే?"

అది నిజమే. అమ్మ వచ్చీ రాగానే గోరువెచ్చని నీళ్లలో ఉప్పు వేసుకుని పుక్కిలించేది. నాయనమ్మ ఆ మాటే అడిగితే, "పది మిషన్ల చప్పుడు కదా అత్తయ్యా, అరిచి మాట్లాడాలి" అని నవ్వకుండా, తడబడకుండా చెప్పి, కూరగాయలు తరుక్కోవడానికి వెళ్లిపోయింది.

నాయనమ్మ ఆమె వీపు కేసి చూసి, "ఇంకుడుమొహం" అంది.

ఆ మాట ఆమె సొంతం. మా పెరట్లో బట్టలుతికిన నీళ్లు పోవడానికి ఒక గుంత ఉండేది. ఎన్ని బకెట్లు పోసినా చప్పుడు లేకుండా, పైకి తడైనా కనపడకుండా ఇంకిపోయేవి. ఎన్ని మాటలన్నా మొహంలో చలనం కనపడని మనుషులకు ఆమె పెట్టిన పేరు అది. మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఆ మాట నేను వినలేదు. మా ఇంట్లో కూడా ఎక్కువగా అమ్మ కోసమే వాడకం.

ఈ సంగతులన్నీ నాయనమ్మ నాన్న చెవిలో వేస్తూనే ఉండేది. నాన్న కనెక్టరు బిగించుకుంటూ విననట్టే ఉండేవాడు. కానీ ఆ వారం నుంచి బస్టాపు దగ్గరి స్తంభం మీద ఆయనకు పని ఎక్కువైంది. సరిగ్గా పదకొండింటికి నిచ్చెన వేసేవాడు.

*

ఒక గురువారం సాయంత్రం నాయనమ్మ హాల్లో కూర్చుని బఠానీలు ఒలుస్తోంది. మాస్టారు కుర్చీలో. నర్సుగారి పిల్లలూ నేనూ కింద. తెర మీద సేనాపతి ఉత్తరపు గాలిని సీసాలోకి దింపి మూత బిగిస్తున్నాడు. వాడి మొహం ఎప్పుడూ కదలదు, గీసినవాళ్లు పని తగ్గించుకున్నారో ఏమో. నీలంజుట్టువాడు తాబేలు వీపు మీద లేచి నిలబడి, వేలు చూపించి అన్నాడు:

"ఇంకుడుమొహం. ఆ సీసా కింద పెట్టు."

బఠానీ కాయ నాయనమ్మ చేతిలో సగం విచ్చి ఆగిపోయింది.

"ఏమన్నాడు వాడు?"

"సీసా పెట్టమన్నాడు" అన్నారు మాస్టారు.

"అంతకుముందు."

నేనే అన్నాను, "ఇంకుడుమొహం అన్నాడు నాయనమ్మా."

"అది నా మాట."

"అదేమిటండీ, మాటకు సొంతదారులుంటారా" అన్నారు మాస్టారు.

"ఉంటారు. మీరు విన్నారా ఎక్కడైనా? మీ లెక్కల పుస్తకంలో ఉందా? నేను పుట్టించిన మాట అది. నిన్న పొద్దున కూడా ఇక్కడే, ఈ టీవీ ముందే కూర్చుని అన్నాను." ఆమె లేచి నిలబడింది. ఒళ్లో బఠానీలన్నీ దొర్లిపోయాయి. టీవీ వెనక్కి వెళ్లి, గోడలోంచి వచ్చే నల్లవైరును కాసేపు అలాగే చూసింది. "ఇందులోంచి మాట లోపలికి వస్తుందా?"

"వస్తుంది" అన్నాను.

"వచ్చే దారి ఉన్నప్పుడు పోయే దారి ఉండదా?"

మాస్టారు నోరు తెరిచి, మూసుకున్నారు. ఆయన లెక్కకు కూడా అది తప్పనిపించలేదని తెలిసిపోయింది. నాయనమ్మ దండెం మీది తువ్వాలు లాగి టీవీ మీద కప్పేసింది. తువ్వాలు కింద నుంచి నీలంజుట్టువాడు ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

నేను వంటింటి గుమ్మం కేసి చూశాను. అమ్మ అక్కడ నిలబడి ఉంది. ఇంట్లో ఏం దొర్లినా ముందు ఏమైందని అడిగే మనిషి, ఆ రోజు ఏమీ అడగలేదు. నా కళ్లలోకి ఒకసారి చూసి, లోపలికి వెళ్లిపోయింది.

*

మర్నాడు పొద్దున అమ్మ వంటింట్లో పుక్కిలిస్తుంటే వెళ్లి పక్కన నిలబడ్డాను.

"అమ్మా, నీలంజుట్టువాడు..."

"ఆ ఉప్పు డబ్బా ఇలా అందుకో."

అందుకోలేదు. "వాడి గొంతు నీదా?"

అమ్మ నీళ్లు ఉమ్మేసి, నోరు తుడుచుకుని, గుమ్మం బయటికి ఒకసారి తొంగిచూసింది. "మెల్లిగా."

"వాడు మగపిల్లాడు కదమ్మా."

"మగపిల్లాణ్ని పెడితే పదమూడో ఏట గొంతు మారిపోతుంది. నాకు మారదు. అందుకని ఆడవాళ్లనే పెడతారు." ఇదేదో కూరలో కారం సంగతి చెప్పినట్టు చెప్పింది. తర్వాత తనకే ఆగనట్టు వివరించింది. చీకటి గది, ఎదురుగా తెర, చేతిలో కాగితం. వాడి పెదాలు ఎన్నిసార్లు కదిలితే అన్ని అక్షరాలు పడాలి. "కాగితం మీద 'దుష్టుడా' అని రాశారు. మూడే. వాడి నోరు చూస్తే ఐదుసార్లు తెరుచుకుంటోంది. టేపు పరిగెడుతోంది. ఆ రెండు ఖాళీలూ ఏం చెయ్యను? పొద్దున్నే మీ నాయనమ్మ నన్నన్న మాట నోట్లో ఉంది. వచ్చేసింది." వేళ్లు మడిచి చూపించింది. "ఇం, కు, డు, మొ, హం. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. అద్దం అవతల కూర్చుని రికార్డు చేసే ఆయన భలే ఉంది, ఉంచేద్దాం అన్నాడు."

"వద్దనాల్సింది."

"ఎందుకు వద్దో చెప్పాలిగా."

"నాన్నకు చెప్పొచ్చుగా మరి."

"పెళ్లైన కొత్తలో రేడియో నాటకానికి పిలిస్తే అడిగాను. నా పెళ్లాం గొంతు ఊరంతా వినాలా అన్నారు." ఆమె కిటికీలోంచి చూసింది. ఎదురు డాబా మీద నాన్న వైరు లాగుతున్నాడు. "ఇప్పుడు ఆయనే ఇంటింటికీ మేకు కొట్టి మరీ వినిపిస్తున్నారు." చప్పుడు లేకుండా భుజాలు కదిలేలా నవ్వింది. తర్వాత నా గడ్డం పట్టుకుంది. "ఇంకా ఇరవై రెండు భాగాలున్నాయి. అప్పటిదాకా నోరు విప్పకు. మధ్యలో నేను ఆగిపోతే వాడికి ఇంకెవరి గొంతో పెడతారు. వాడు నా వాడే."

నాకు కొంచెం అసూయ వేసింది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

*

టీవీ తన మాట దొంగిలించిన సంగతి నాయనమ్మ ఒక్క నర్సుగారికే చెప్పింది. నర్సుగారు రోజుకు నలభైమందికి సూది వేస్తారు.

రెండు రోజుల్లో వీధిలో జనం టీవీ ముందు గుసగుసలాడటం మొదలుపెట్టారు. కొందరు దాని మీద దుప్పటి కప్పారు. కొందరు మొహం గోడకు తిప్పి పెట్టారు. పాత లెక్కలన్నీ బయటికొచ్చాయి. సైకిలు షాపాయన ఇంట్లో ఫ్రిజ్ కొందామా అని పెళ్లాంతో అన్నాడట, అన్న అరగంటలో ఫ్రిజ్ ప్రకటన వచ్చిందట. నర్సుగారి అత్తగారు మోకాలు నొప్పి అని మూలిగిన వెంటనే మోకాలి నూనె వచ్చిందట. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఇవాళ ఫోన్లలో ఆ పని నిజంగానే జరుగుతోంది, ఎవరూ దుప్పటి కప్పడం లేదు. అప్పుడు జరగని దానికి మాత్రం మా వీధి అట్టుడికిపోయింది.

"మా ఇంటి వైరు తీసెయ్ బాబూ" అన్నాడు సైకిలు షాపాయన.

నాన్న నిచ్చెన మీద నుంచే, "మీరూ మీ ఆవిడా రోజూ ఒకటే గొడవ పడతారు. జపాన్ దాకా మోసుకెళ్లి వినేంత ఓపిక ఎవడికుందండీ?" అన్నాడు.

"చూశావా, మేం గొడవ పడతామని నీకెలా తెలుసు?"

ఆ తర్వాత నాన్న జోకులు మానేశాడు. ఎనిమిది రోజుల్లో ఇరవై మూడు ఇళ్లవాళ్లు వైరు పీకించుకున్నారు. ఆయన స్తంభం మీది పెట్టె ఒకటి విప్పి తెచ్చి, ఇంటింటికీ తిరిగి చూపించాడు. "ఈ బాణం గుర్తు చూడండి. ఇటు నుంచి అటే. వెనక్కి పోదు."

"బాణం ఎవరు గీశారు?" అన్నారు మాస్టారు.

"కంపెనీవాళ్లు."

"వాళ్ల మీదే కదా అనుమానం."

పన్నెండేళ్లుగా ప్రతి మేకూ తన చేత్తో కొట్టుకున్న లైను అది. ఆ వారం నాన్న అన్నం ముందు కూర్చుని కూడా వైర్లు విప్పి చూసేవాడు. వైర్లలో తప్పు దొరకలేదు. అప్పుడు ఆయన మొదటిసారి బాహాటంగా మనుషుల కేసి తిరిగాడు.

*

తర్వాతి శుక్రవారం సాయంత్రం వీధివాళ్లు పది పదిహేనుమంది మా హాల్లో చేరారు. ఐదుంపావు అయ్యుంటుంది. ఫ్యాను కింది కుర్చీలో మాస్టారే కూర్చున్నారు. టీవీ మీద తువ్వాలు తీయించి, పెట్టించారు, ముద్దాయి మొహం కనపడాలి గనక.

"ఒక్కటే ప్రశ్న," అన్నారు మాస్టారు. "మీ అమ్మగారి మాట వాడికెలా వచ్చింది? దానికి జవాబు చెప్పు, అందరం మళ్లీ వైర్లు వేయించుకుంటాం."

నాన్న మెల్లగా అన్నాడు, "నా లైనులో తప్పు లేదు. ఎనిమిది రోజులు వెతికాను. వైరు మొయ్యలేదంటే మనిషే మోసుండాలి. మా ఇంట్లోంచి ఎవరో బయటికి మోశారు."

అని, వంటింటి గుమ్మం కేసి చూశాడు. అమ్మ టీ పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. నాన్న చూశాడని అందరూ చూశారు. నాయనమ్మ, "అడుగు. రోజూ సంచి తీసుకుని ఎక్కడికి వెళ్తుందో అందరిలో అడుగు" అంది.

అమ్మ మొహంలో ఏమీ లేదు. పళ్లెంలో గ్లాసులు మాత్రం ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి.

"నేనే" అన్నాను.

ఎందుకు లేచి నిలబడ్డానో నాకిప్పటికీ సరిగ్గా తెలీదు. "నేనే ఉత్తరం రాశాను. బొమ్మలవాళ్లకి. సేనాపతిని ఇంకుడుమొహం అనమని."

"ఏ అడ్రసుకి?" అన్నారు మాస్టారు. జన్మలో ఏ విద్యార్థినీ వదిలిన మనిషి కాదు.

"బొమ్మల చివర్లో వస్తుంది కదండీ. ఆ అడ్రసుకి."

"స్టాంపు?"

"నాన్న డ్రాయరులోది."

గదిలో ఒక్కసారిగా ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది. పిల్ల ఉత్తరం. ఎంత చిన్న సంగతి. ఎవరో నవ్వారు కూడా. సైకిలు షాపాయన, "నేను మొదటి నుంచీ అంటూనే ఉన్నా" అన్నాడు. నాన్న మాత్రం నవ్వలేదు.

"ఎనిమిది రోజుల నుంచి నేను స్తంభాలెక్కి చస్తుంటే చూస్తూ కూర్చున్నావా?" అన్నాడు నాతో. అరవలేదు. అరిచినా బాగుండేది. "ఇంకీ ఇంట్లో నువ్వు టీవీ ముందు కనపడొద్దు. ఆ చానలు ఇవాళ్టితో సరి. ఇప్పుడే తీసేస్తున్నా, మీరందరూ చూస్తుండగానే." ముందుగదిలోకి నడిచి, రాక్‌లో మూడో వరస పెట్టె మీద వేలు పెట్టాడు. హాల్లోంచి ఆయన వీపు కనపడుతోంది. ఐదున్నరైంది. జపాన్ పాట అయిపోయింది.

"ఆగండి" అంది అమ్మ.

పళ్లెం స్టూలు మీద పెట్టింది. "పిల్ల ఉత్తరం రాయలేదు. ఆ మాట నేనన్నాను."

"ఎవరితో అన్నావు?" అంది నాయనమ్మ.

"మైకుతో."

ఎవరికీ అర్థం కాలేదు. అమ్మ అర్థమయ్యేలా చెప్పే ప్రయత్నమూ చెయ్యలేదు. తెర కేసి చూస్తోంది. తాబేలు ఒక ద్వీపం ఒడ్డుకు చేరింది. ఒక ముసలామె చేపల బుట్ట పక్కన కూర్చుని ఉంది. నీలంజుట్టువాడు దిగి ఆమె దగ్గరికి నడిచాడు. వాడింకా నోరు తెరవకముందే, అమ్మ గుమ్మంలో నిలబడే, తనది కాని గొంతుతో అంది:

"అవ్వా, మీ ఊళ్లో దీపం ఎందుకు ఊగట్లేదు?"

"అవ్వా, మీ ఊళ్లో దీపం ఎందుకు ఊగట్లేదు?" అన్నాడు నీలంజుట్టువాడు.

ముసలామె ఏదో చెప్పింది. అమ్మ ఆమెను చెప్పనిచ్చింది. మళ్లీ వాడి కంటే ముందు, "ఏడవకు. నేను తెస్తాను కదా" అంది. "ఏడవకు. నేను తెస్తాను కదా" అన్నాడు వాడు. మూడోసారి మాటల్లేవు, ఒక చిన్న దగ్గు. అమ్మ దగ్గింది. తెర మీద వాడు దగ్గాడు.

కిటికీకి వేలాడుతున్న నర్సుగారి పిల్లలు కూడా కిమ్మనలేదు. నాయనమ్మ అమ్మ గొంతు కేసి, అందులో ఎవరైనా దాక్కున్నారా అన్నట్టు చూస్తోంది. నేను నాన్న వేలు కేసి చూశాను. అది స్విచ్చి మీదే ఉంది. నొక్కలేదు.

"ఎప్పటి నుంచి?" అన్నాడు, ఇటు తిరక్కుండానే.

"మొదటి నుంచీ."

చివరికి మాస్టారు గొంతు సవరించుకుని, "అమ్మా, నువ్వు కాస్త పక్కకు జరిగితే... బొమ్మ కనపడట్లేదు" అన్నారు.

*

వైర్లన్నీ తిరిగి ఎక్కాయి. వీధివాళ్లకు అమ్మ ఒక్కరోజులో గొప్పదైపోయింది. నాన్నకు మాత్రం కాలేదు. మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. నాలుగో రోజు కూడా నాయనమ్మతోనే, అమ్మకు వినపడేలా మాట్లాడాడు.

"అంత నిజంగా ఇంకో మనిషిలా మాట్లాడగలదమ్మా. మరి నాతో మాట్లాడేటప్పుడు ఏది తన గొంతని నమ్మను?"

నాయనమ్మ అమ్మను అనుమానించడం తన పని అనుకుంది గాని, కొడుక్కి అంటుకుంటుందనుకోలేదు. "అబద్ధమాడింది గాని, చెడ్డపని చెయ్యలేదు కదరా" అంది. ఆమె నోట అమ్మ తరఫు మాట రావడం నేను వినడం అదే మొదలు.

మర్నాడు పదకొండింటికి అమ్మ సంచి లేకుండా బయటికొచ్చింది. నాన్న స్కూటరు స్టాండు తీసి ఉన్నాడు.

"ఎక్కు. నేను దింపుతా."

దింపి వచ్చేస్తాడనుకున్నాం. రాలేదు. సాయంత్రం ఆమెతోనే వచ్చాడు. మర్నాడూ అంతే. వీధిలో ఎవరింట్లో బొమ్మ పోయినా నాలుగున్నర దాకా ఆగాల్సిందే.

"ఏం విన్నావురా అక్కడ?" అంది నాయనమ్మ.

"ఏం వినపడదు. తలుపు మీద తలుపు. ఎర్రలైటు వెలుగుతుంది, ఆరుతుంది. అంతే."

"మరి అక్కడ కూర్చుని ఏం చేస్తావు?"

"అక్కడ ఏసీ ఉంది."

రాత్రి అన్నాలయ్యాక అమ్మ గిన్నెలు కడుగుతుంటే అడిగాను, "నాన్న నీ మాట వినడానికి వస్తున్నాడా, నిన్ను కాపలా కాయడానికా?"

"నేనూ అదే చూస్తున్నా" అంది. "ఏదైనా కానీ. బస్సు బాధ తప్పింది."

ఆఖరి రోజు రికార్డింగులో గాలులన్నీ విడుదలైపోతాయి. ద్వీపాల జనం అందరూ ఒడ్డుకు పరుగెత్తుకొచ్చి "గాలొచ్చింది" అని అరవాలి. గుంపు కోసం వరండాలో ఉన్నవాళ్లందరినీ లోపలికి పిలిచారట. టీ ఇచ్చేవాడు, కారు డ్రైవరు, నాన్న. ఆయన ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పలేదు. అమ్మే చెప్పింది. నాయనమ్మ పగలబడి నవ్వింది. నాన్న ఆ సాయంత్రమంతా రాక్ వెనకాల వైర్లు సర్దుతూ ఉండిపోయాడు.

అది తెర మీదికి రావడానికి మూడు వారాలు పట్టింది. అప్పటికి బడులు తెరిచారు, వానలు మొదలయ్యాయి. ఆ సాయంత్రం వానకు సిగ్నలు పోకుండా నాన్న డాబా మీదికి మూడుసార్లు వెళ్లి గొడుగులు తుడిచి వచ్చాడు. తల తుడుచుకుంటూ, మాస్టారి పక్కన నేల మీద కూర్చున్నాడు. బొమ్మలు చూడటానికి ఆయన కూర్చోవడం అప్పటిదాకా మేమెవరం చూడలేదు.

సీసాలు పగిలాయి. దీపాలు ఊగాయి. జనం ఒడ్డుకు పరుగెత్తారు. నాన్న ముందుకు వంగి వాల్యూము పెంచాడు. "గాలొచ్చింది, గాలొచ్చింది" అని పాతిక గొంతులు ఒకదాని మీద ఒకటి పడి గది నిండిపోయింది. ఏది ఎవరిదో పోల్చడం ఎవరి తరమూ కాదు.

"ఇందులో నాదేది?" అన్నాడు నాన్న అమ్మతో.

అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అదిగో, ఇప్పుడు వినపడింది చూడండి, వెనకాల నుంచి, కొంచెం ఆలస్యంగా. అదే."

నాన్న ఆమె మొహం కేసి చూశాడు. తర్వాత తెర కేసి తిరిగి, తల ఊపాడు. "అవును" అన్నాడు. "నాదే."

ఆ గొంతు ఆయనది కాదని నాకిప్పటికీ అనుమానం.